"ఏమీ కాదు" అని చెప్పడం మానేశాక

మా అబ్బాయిని మొట్టమొదట మానసిక వైద్యుడికి చూపించిన రోజున నేను ఆసుపత్రి కింద, బండి పక్కన నిలబడి ఉన్నాను. లోపల డాక్టరు "వీళ్ళ నాన్న రాలేదా?" అని అడిగితే నా భార్య "డ్యూటీలో ఉన్నారండీ" అని చెప్పిందట. నిజానికి ఆ రోజు నాకు సెలవు. మెట్లెక్కి పైకి వెళ్తే తెలిసినవాళ్ళు ఎవరైనా కనబడతారేమోనని, హెల్మెట్ కూడా తీయకుండా నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను. అలాంటి మెట్లు ఎక్కడానికి నాకు ఇంకో అయిదు నెలలు పట్టింది.

మాది విశాఖలో కూర్మన్నపాలెం దగ్గర. నేను ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తాను. ఒక వారం పొద్దున ఆరింటికి, ఒక వారం మధ్యాహ్నం రెండింటికి, ఒక వారం రాత్రి పదింటికి. ఇంట్లో నేను, నా భార్య, మా అమ్మ, అప్పటికి ఎనిమిదో తరగతి చదువుతున్న మా వాడు. వాడికి పదమూడేళ్ళు.

మొదట తేడా కనిపెట్టింది సబ్బుల లెక్కలో. నెలకు నాలుగు సబ్బులు సరిపోయే ఇంట్లో వారానికి నాలుగు అయిపోతున్నాయి. పొద్దున ఎనిమిది కాకుండానే మేడ మీద ట్యాంకు ఖాళీ. పిల్లవాడి వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు చెమ్మ కనిపించాక చర్మ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పూత మందు రాసిచ్చారు. తగ్గలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన మా వాణ్ణి "రోజుకు ఎన్నిసార్లు కడుక్కుంటావు బాబూ?" అని అడిగారు. "లెక్కపెట్టడం మానేశానండీ" అన్నాడు వాడు. ఆయన చీటీ పక్కన పెట్టేసి, "ఇది నా మందుతో పోయేది కాదమ్మా, మనసు డాక్టరుకు చూపించండి" అని నా భార్యతో చెప్పారు.

విశాఖలో ఉండేవాళ్ళకు నల్ల దుమ్ము గురించి నేను చెప్పనక్కరలేదు. బాల్కనీ పిట్టగోడ మీద వేలు రాస్తే వేలు నల్లబడుతుంది, ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. మా వాడి భయమంతా దాని చుట్టూ అల్లుకుంది. నా యూనిఫాం మీద ఉన్న దుమ్ము వాడి చేతికి అంటుకుని, వాడి చేతి నుంచి మా అమ్మకు చేరి, ఆవిడ ఊపిరాడక పోతుందని. మా అమ్మకు ఉబ్బసం ఉంది. అందుకే ఆ భయం మాకు పూర్తిగా అర్థంలేనిదిగా కనిపించలేదు. ఇక్కడే దెబ్బతిన్నాం.

మెల్లగా ఇల్లంతా వాడి భయం చెప్పినట్టు నడవడం మొదలుపెట్టింది. నేను డ్యూటీ నుంచి వచ్చి గుమ్మం బయటే బట్టలు మార్చుకునేవాణ్ణి. నా భార్య నా బట్టలు వేరే బకెట్లో తడిపేది. మా అమ్మ కంచం, గ్లాసు ఎవరూ ముట్టుకోకుండా అలమరలో పై అరలోకి వెళ్ళాయి. పడుకునే ముందు వాడు "నాన్నా, నాయనమ్మకు ఏమీ కాదు కదా?" అని అడిగితే, నేను "ఏమీ కాదు" అని మూడుసార్లు చెప్పాలి. గొంతులో విసుగు వినిపిస్తే మళ్ళీ మొదటినుంచి మూడు. రాత్రి డ్యూటీలో ఉంటే ఫోనులో చెప్పేవాణ్ణి. పిల్లవాడు ప్రశాంతంగా పడుకుంటున్నాడు కదా, నాలుగు మాటలే కదా అనుకున్నాం.

ఇక మొదటి డాక్టరు సంగతి. ఆ ఆసుపత్రి పేరు అనవసరం. నా భార్య చెప్పింది మాత్రమే చెబుతాను, ఎందుకంటే నేను కింద ఉన్నాను కదా. లోపల ఉన్నది అయిదు నిమిషాలు. "మీరు మరీ గారాబం చేశారమ్మా" అన్నారట. మాత్రలు రాశారు. అవి ఏమిటో, ఎప్పటికి పనిచేస్తాయో, మొదట్లో ఏమవుతుందో చెప్పలేదు. నాలుగు రోజులకు వాడికి కడుపులో తిప్పడం, కాలు ఒకచోట నిలవకపోవడం మొదలయ్యాయి. అయిదో రోజున మాత్రలు ఆపేశాం, ఆపేయమన్నది నేనే. నెలకు రమ్మన్నారు, వెళ్ళలేదు. నా భార్య ఆ ఆసుపత్రి మెట్లు కళ్ళు తుడుచుకుంటూ దిగి రావడం చూశాక, మళ్ళీ వెళ్దామని ఆమెతో అనే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ తర్వాత నాలుగు నెలలు తాయెత్తు, సింహాచలం మొక్కు, మా బావగారు తెచ్చిన విభూతి. వీటిని నేను వెటకారం చేయడం లేదు, మొక్కు తీర్చుకున్నాం కూడా. కానీ మా అక్క ఫోను చేసి, "మా పిల్లకు సంబంధాలు చూస్తున్నాం, ఈ మాట బయటికి పొక్కనీయకు" అన్నప్పుడు మాత్రం ఫోను విసిరికొట్టాలనిపించింది.

డిసెంబరులో ఒక రాత్రి డ్యూటీలో ఉండగా ఇంటి నుంచి ఫోను. రాత్రి రెండు. వాడు రెండు గంటలుగా స్నానాలగదిలోంచి బయటికి రావడం లేదు. నేను ఫోనులోనే మూడుసార్లు, ఆరుసార్లు, తొమ్మిదిసార్లు చెప్పాక బయటికి వచ్చాడు. టీ తాగడానికి కూర్చుని, ఎప్పుడో వార్తల్లో చూసిన 14416కు చేశాను. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. అవతలి అమ్మాయి నన్ను పూర్తిగా మాట్లాడనిచ్చింది. చివర్లో, "ఇది ఓసీడీ కావచ్చండీ, అంటే వద్దన్నా వచ్చే ఆలోచన, దాన్ని ఆపడానికి ఒకే పని పదేపదే చేయడం. చూస్తేనే చెప్పగలరు. దీనికి మందుతో పాటు కుటుంబాన్ని కూర్చోబెట్టి చేసే చికిత్స ఉంది, అలా చేసేవాళ్ళ కోసం అడగండి" అంది. కుటుంబం అన్న మాట నాకు అప్పుడు పట్టలేదు.

వెతగ్గా వెతగ్గా ఎంవీపీ కాలనీలో ఒక క్లినికల్ సైకాలజిస్టు, అంటే మందులతో కాకుండా మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేసే ఆవిడ గురించి తెలిసింది. ఫోను చేశాను, టైము ఇచ్చి పెట్టేస్తారనుకున్నాను. ఆవిడ ఇరవై నిమిషాలు మాట్లాడారు. జబ్బు గురించి అడిగింది తక్కువ. ఇంతకుముందు ఎక్కడైనా చూపించారా, అక్కడ మీకు నచ్చనిది ఏమిటి, ఇంట్లో ఎవరికి ఇది ఇష్టం లేదు, ఎంత దూరం నుంచి వస్తారు, ఎవరు తీసుకొస్తారు. అన్నీ అయ్యాక, "ఒక మాట నిజం చెప్పండి. మొదటిసారి వస్తారు, సరే. రెండోసారి రాకుండా మిమ్మల్ని ఆపేది ఏమవుతుంది?" అన్నారు.

ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. నేను ఒకటొకటిగా చెప్పాను. షిఫ్టులు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. డబ్బు. మా అమ్మ. ఆఫీసులో తెలుస్తుందన్న భయం. చివరికి, గొంతు పెగుల్చుకుని, "నేను లోపలికి రాలేనండీ, కిందే ఉంటాను" అన్నాను. ఆవిడ నవ్వలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. నేను పొద్దున డ్యూటీకి వెళ్ళే వారాల్లో సాయంత్రం రమ్మన్నారు. మిగతా వారాలు ఫోనులో మాట్లాడదామన్నారు. ఫీజు ఎంతో అప్పుడే చెప్పేసి, భారమైతే మందుల వరకు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించుకోవచ్చన్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం రోగి హక్కు అనీ, మీ ఆఫీసుకు ఇక్కడి నుంచి ఏ కాగితమూ వెళ్ళదనీ చెప్పారు. "మెట్ల సంగతి ఆ రోజు చూద్దాం" అన్నారు.

చినవాల్తేరు పేరు వినగానే నా గుండె జారింది. చిన్నప్పుడు బళ్ళో ఆ పేరు పెట్టి ఒకరినొకరు వెక్కిరించుకుంటూ పెరిగినవాళ్ళం. ఒక పొద్దున ఒక్కడినే వెళ్ళి బయటి నుంచి చూశాను. చేతిలో టిఫిను క్యారేజీలు, పాత చీటీలు, ఒళ్ళో పిల్లలతో జనం. ఏ ఆసుపత్రి ముందైనా కనిపించేవాళ్ళే. చివరికి మేము సైకాలజిస్టుగారితో కలిసి పనిచేసే, మందులు రాసే సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్ళాం గానీ, ఆ పొద్దున అక్కడికి వెళ్ళి రావడం వృథా కాలేదు.

జనవరిలో నలుగురం వెళ్ళాం. మా అమ్మను తీసుకురమ్మని ఆవిడే పట్టుబట్టారు. నిజానికి మా అమ్మకు వాడి కడుగుడు మీద రహస్యంగా కొంచెం గర్వం ఉండేది. ఆవిడ మడి పాటించే మనిషి. "మా మామగారి పోలిక, శుభ్రం ఎక్కువ" అనేది. సైకాలజిస్టుగారు మొదట ఆవిడనే మాట్లాడించారు. మడి కట్టుకోవడం ఎలా, ఎన్ని చెంబులు, ఏం ముట్టుకుంటే పోతుంది, అన్నీ ఓపికగా అడిగారు. మా అమ్మ ఉత్సాహంగా చెప్పింది.

"స్నానం చేసి మడి కట్టుకున్నాక మనసుకు ఎలా ఉంటుందమ్మా?"

"హాయిగా ఉంటుంది. అయిపోయింది కదా, ఇంక దేవుడి దగ్గర కూర్చుంటాను."

ఆవిడ మా వాడి వైపు తిరిగి, "నీకు ఎప్పుడు అయిపోతుంది?" అన్నారు.

వాడు చేతులు చూసుకుంటూ, "అవదు" అన్నాడు. కాసేపాగి, "నాకు తెలుసు ఇది పిచ్చి ఆలోచనే అని. తెలిసినా ఆగదు" అన్నాడు.

మా అమ్మ ఆ తర్వాత గంటసేపు నోరు విప్పలేదు. తిరుగు ప్రయాణంలో ఎన్ఏడీ కూడలి దాటాక, "వీణ్ణి మళ్ళీ ఎప్పుడు తీసుకురమ్మంది?" అని అడిగింది. నేనూ ఆ రోజు మెట్లెక్కాను. మా అమ్మ మోకాళ్ళ నొప్పులకు చెయ్యి పట్టుకుని ఎక్కించాల్సి వచ్చింది, అంతే. ధైర్యం వచ్చి కాదు.

జబ్బు గురించి ఆవిడ చెప్పినదాంట్లో నాకు నాటుకున్నది ఒకటే. గుమ్మంలోకి వచ్చిన పిల్లికి పాలు పోస్తే ఆ పూటకు అరుపు ఆగుతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. మా "ఏమీ కాదు" అలాంటి పాలు. చెప్పిన ప్రతిసారీ వాడికి రెండు నిమిషాలు ఊరట, ఆ తర్వాత భయానికి ఇంకాస్త బలం. ఓసీడీ ఉన్న పిల్లల ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇలా సర్దుకుపోవడం చాలా మామూలట. అది ప్రేమతోనే చేస్తారు, దానితోనే జబ్బు ముదురుతుంది. "గారాబం" అన్న పాత డాక్టరు మాట, ఈ మాట దాదాపు ఒకటే కదా అని మీకు అనిపించవచ్చు. నా భార్యకు అలా అనిపించలేదు. ఆమెను ఎవరూ తప్పుపట్టకుండా ఏం చేయాలో చెప్పడం అదే మొదటిసారి.

ఇంకొకటి కూడా చెప్పారు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్లు తేలిందట. "మీ తరగతిలో నలభై మంది ఉంటే దాదాపు ముగ్గురు" అని ఆవిడ లెక్క కట్టగానే, మా వాడు మిగతా ఇద్దరు ఎవరై ఉంటారా అని ఆలోచనలో పడ్డాడు.

మందు విషయంలో ఈసారి సైకియాట్రిస్టు అరగంట కూర్చోబెట్టి చెప్పారు. సెర్ట్రాలిన్, చాలా తక్కువ మోతాదుతో మొదలు. మొదటి రెండు వారాలు కడుపులో తిప్పవచ్చు. ఓసీడీకి ఇది పనిచేస్తోందో లేదో తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది, అంతకుముందే తీర్పు చెప్పొద్దు. మొదటి వారాల్లో చిరాకు, కుదురులేకపోవడం ఎక్కువైనా, చచ్చిపోవాలన్న మాట వచ్చినా వెంటనే ఫోను చేయాలి. మీ అంతట మీరు ఆపవద్దు. ఈ నాలుగు మాటలు ఆగస్టులో ఆ మొదటి డాక్టరు చెప్పి ఉంటే నేను ఆ మాత్రలు ఆపించేవాణ్ణి కాదు. బ్లాస్ట్ ఫర్నెస్‌ను ఒక్క స్విచ్చితో ఆపరని తెలిసిన వాణ్ణి, పిల్లవాడి మందును అలాగే ఆపేశాను.

నాకు అప్పగించిన పని లెక్క రాయడం. ప్లాంటులో లాగ్ బుక్ రాసే అలవాటు ఉంది కదా, ఒక పాత రిజిస్టరు తీసి గీతలు కొట్టాను. టైము, వాడు అడిగింది, ఎవరు ఏం చెప్పారు. మొదటి వారం "ఏమీ కాదు" 61 సార్లు. అందులో నావే 44. వారంలో సగం సేపు ఇంట్లో ఉండని మనిషిని నేను! నా భార్య ఆ అంకె చూసి ఏమీ అనలేదు, రిజిస్టరు మూసి నా చేతికి ఇచ్చింది.

అన్నీ ఒక్కసారి ఆపవద్దన్నారు. ఒక్కటి ఎంచుకోవాలి, వాడికి ముందే చెప్పాలి, అదీ రాతపూర్వకంగా. నేను ఉత్తరం రాశాను. నా తెలుగు నా భార్య దిద్దింది. "నీకు ఎంత కష్టంగా ఉందో మాకు తెలుసు. నువ్వు దీన్ని తట్టుకోగలవని కూడా తెలుసు. సోమవారం నుంచి రాత్రి పూట ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పము. నీ మీద కోపంతో కాదు." చదివి మడిచి దిండు కింద పెట్టుకున్నాడు.

సోమవారం రాత్రి అడిగాడు. నేను, "అది నీ ఓసీడీ అడుగుతోంది, దానికి జవాబు చెప్పను. నీ పక్కనే కూర్చుంటాను" అన్నాను. మళ్ళీ అడిగాడు. ఏడ్చాడు. స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాడు. "నాయనమ్మ పోతే నీదే బాధ్యత" అన్నాడు. వంటింట్లో మా అమ్మ, నా భార్య ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడ్డారు. నలభై నిమిషాలకు నా వల్ల కాలేదు. "ఏమీ కాదురా, ఏమీ కాదు, ఏమీ కాదు" అనేశాను.

మర్నాడు ఫోనులో దొంగలా ఒప్పుకున్నాను. "నలభై నిమిషాలు ఆగారా! పోయిన వారం ఎన్ని నిమిషాలు ఆగేవారు?" అన్నారు ఆవిడ. ఆ వారం చివరికి లాగ్ బుక్‌లో 23.

వాడి వైపు పని వేరుగా నడిచింది. భయాల నిచ్చెన ఒకటి గీశారు, సున్నా నుంచి వంద వరకు. నా చెప్పులు ముట్టుకుని పది నిమిషాలు కడుక్కోకుండా ఉండడం ఇరవై. నా డ్యూటీ సంచి మోయడం నలభై. నాయనమ్మ కంచం తెచ్చి ఇవ్వడం డెబ్బై. ప్రతి మెట్టు దగ్గరా భయం దానంతట అదే దిగేవరకు ఆగాలి. ఒక ఆదివారం ఆర్కే బీచిలో ఇసుకలో కూర్చుని, చేతులు కడుక్కోకుండా మురీ మిక్చరు తినడం యాభై అయిదు. తినేటప్పుడు వాడి ముఖం చూస్తే విషం మింగుతున్నట్టు ఉంది. సగం అయ్యాక, "ఉల్లిపాయలు తక్కువ వేశాడు" అన్నాడు. నేనూ నా భార్యా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. నెలల తర్వాత వాడు తిండి గురించి ఫిర్యాదు చేశాడు!

బడి వాళ్ళతో మాట్లాడటం అనుకున్నంత కష్టం కాలేదు. తరగతి టీచరుకు మాత్రం చెప్పాం, ఆవిడ విని తలూపి, మూడో బెంచీ నుంచి తలుపు పక్క బెంచీకి మార్చారు.

జూలైలో అసలు పరీక్ష వచ్చింది. వానలు మొదలై ఊరంతా జ్వరాలు. మా అమ్మకు జ్వరం, దగ్గు, ఆయాసం. మా వాడు అప్పటికే ఆవిడ కంచం మెట్టు దాటేశాడు, వారం నుంచి తనే అన్నం పెట్టుకుని తెచ్చి ఇస్తున్నాడు. ఇంకేముంది, నా వల్లే అన్నాడు. మళ్ళీ ట్యాంకు ఖాళీ అయ్యే పొద్దులు. లాగ్ బుక్‌లో ఒక్క రోజే 19. డాక్టరు చూసి వైరల్ జ్వరమన్నారు, ఆ మాటా వాడికి చాలలేదు. నేను నిజంగా ఓడిపోయాననుకున్నాను. చెప్పేద్దాం, పాపం, ఈ వారానికి చెప్పేద్దాం అని నా భార్యతో అన్నాను.

ఆ రాత్రి వాడు మా అమ్మ మంచం పక్కకు వెళ్ళి, "నాయనమ్మా, నీకు ఏమీ కాదు కదా?" అని ఆవిడనే అడిగాడు. ఆవిడ దగ్గుతోంది. ఆయాసం తీర్చుకుని, "నేను చెప్పను రా" అంది. "మీ నాన్న చెప్పలేదు, నేనూ చెప్పను. ఆ మంచినీళ్ళు ఇటు అందుకో." వాడు కదల్లేదు. ఆవిడ చెయ్యి చాచే ఉంచింది. ఎంతసేపో తెలియదు, నేను లెక్క రాసే స్థితిలో లేను. గ్లాసు అందుకుని ఇచ్చాడు. ఆవిడ వాడు చూస్తుండగా మొత్తం తాగింది.

జ్వరం ఆరు రోజులకు తగ్గింది. వాడి కడుగుడు మళ్ళీ పాత చోటికి దిగడానికి నెల పట్టింది.

మార్గశిరం గురువారాల్లో మా అమ్మ బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి వెళ్తుంది. ఆ అమ్మవారికి పైకప్పు ఉండదు, భక్తులే స్వయంగా పసుపు కుంకుమలతో పూజ చేసుకోవచ్చు. నిచ్చెన చివరి మెట్టుగా ఇది వాడే రాసుకున్నాడు, తొంభై అయిదు. వరుసలో తోపులాట, కాళ్ళ కింద కొబ్బరి నీళ్ళు, వందలమంది ముట్టుకున్న పసుపు. వాడి వంతు వచ్చినప్పుడు నేను వెనక ఉన్నాను, ముఖం కనబడలేదు. మణికట్ల దాకా పసుపుతో బయటికి వచ్చాడు. గుడి బయట కుళాయి ఉంది. దాని ముందు నిలబడ్డాడు, మేమెవరం మాట్లాడలేదు. మా అమ్మ అరటిపండు ఒలిచి వాడి చేతిలో పెట్టింది.

మందు ఇంకా నడుస్తోంది, కుదుటపడ్డాక కూడా చాలా నెలలు వాడాలన్నారు. నెలకోసారి ఎంవీపీ వెళ్తున్నాం. స్నానానికి ఇప్పటికీ వాడికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, వాడి వయసు పిల్లలందరికీ అంతేనంటుంది నా భార్య. ఎప్పుడైనా రాత్రి ఆ ప్రశ్న అడుగుతాడు, నేను నోరు తెరిచేలోపే "సరేలే, చెప్పకు" అని అటు తిరిగి పడుకుంటాడు. లాగ్ బుక్‌లో సగం పేజీలు మిగిలిపోయాయి. అందులో ఇప్పుడు నా భార్య పాల లెక్క రాస్తోంది.